తుప్పు తెగులా, కొమొడో డ్రాగనా? హాస్టల్ పందెం, కాస్త తేల్చండి

బుడ్డలబాబు:

అందరికీ నమస్తే. నేను బీఎస్సీ అగ్రికల్చర్ రెండో సంవత్సరం, నా రూమ్మేటు వేరే కాలేజీలో జువాలజీ. మొన్న రాత్రి కరెంటు పోతే అందరం మేడ మీద చేరినాము, వాడు ఫోన్లో కొమొడో డ్రాగన్ వీడియో పెట్టి, అది మేకను నిలువునా మింగతా ఉంటే, "వేటగాడంటే ఇదిరా, మీ అగ్రికల్చరోళ్ళు జీవితాంతం ఆకుల మీద మచ్చలు లెక్కపెట్టుకుంటా కూర్చోండి" అన్నాడు. నాకు సర్రున కాలింది.

మాది అనంతపురం వైపు, మెట్ట సేద్యం, శెనిక్కాయ తప్ప ఇంకోటి తెలీదు. నేను తొమ్మిదో క్లాసులో ఉన్నప్పుడు కాయ ఊరే టైముకు వారం రోజులు ముసురు పట్టింది, తర్వాత చేన్లోకి పోతే ఆకుల అడుగునంతా కుంకుమ చల్లినట్టు ఉండె, నడిస్తే ప్యాంటుకు కూడా అంటుకునేది, ఇంకో పదిహేను రోజులకు చేనంతా మంట పెట్టినట్టయింది. ఆకు రాలను కూడా రాలలే, ఎండిపోయి చెట్టుకే వేలాడతా ఉండె. ఆ ఏడు కాయ పీకిన కూలి కూడా రాలేదు మాకు. తుప్పు తెగులంటే అదే.

అందుకే నేను తుప్పు తెగులే పెద్ద వేటగాడు అన్నా, వాడు డ్రాగనే అన్నాడు, ఓడినోడు మటన్ బిర్యానీ పెట్టియ్యాల. మా సార్ని అడిగితే నవ్వి పొమ్మన్నాడు. ఇక్కడ రెండు వైపులోళ్ళూ ఉంటారు కదా, ఒక శిలీంధ్రాన్నీ ఒక పెద్ద బల్లినీ పక్కపక్కన పెట్టి పోల్చొచ్చా అసలు? పోలిస్తే ఎవరు గెలుస్తారు?


ఊరికే_చదువుతా:

తమ్ముడూ ఇది సచిన్ గొప్పా చిరంజీవి గొప్పా అన్నట్టుంది. అయినా చదువుతా, పని లేదు.


పాత_మైక్రోస్కోప్:

బాబూ, నేను మొక్కల తెగుళ్ళ విభాగంలో చాలా ఏళ్ళు పని చేసి రిటైరైనవాణ్ణి, కాబట్టి నీ వైపే మాట్లాడతాను అనుకుంటావేమో, చూద్దాం.

ముందు ఒక పొరపాటు సర్దుకో. మీరిద్దరూ దీన్ని మొక్కల జట్టు, జంతువుల జట్టు అని విడగొట్టుకుని తుప్పుని నీ జట్టులో వేసుకున్నావు. వంశం చూస్తే తుప్పు శిలీంధ్రం వేరుశనగ మొక్కకి కాదు దగ్గర, ఆ బల్లికే దగ్గర! మొక్కల వంశం ముందే వేరుపడిపోయింది, శిలీంధ్రాలూ జంతువులూ ఆ తర్వాత కూడా చాలా కాలం ఒకే కొమ్మలో ఉండి అప్పుడు విడిపోయాయి. సొంతంగా ఆహారం వండుకోవడం ఇద్దరికీ చేతకాదు. మిగిలింది దాచుకోవడం కూడా మొక్కలాగా పిండి పదార్థంగా కాదు, మన కాలేయంలో ఉన్నట్టు గ్లైకోజెన్ రూపంలోనే. శిలీంధ్రం గోడలో ఉండే కైటిన్ అనే గట్టి పదార్థం రొయ్య పెంకులోనూ ఉంటుంది. అంటే ఆ ఏడు మీ చేలోకి వచ్చినవాడు మీ రూమ్మేటు బల్లికి దూరపు చుట్టం.

ఇక వేట సంగతి. స్పోరు, అంటే తుప్పుకి విత్తనం లాంటి పొడి రేణువు, గాలికి వచ్చి ఆకు మీద పడుతుంది, రాత్రి మంచుకో ముసురుకో ఆకు తడిగా ఉంటే మొలకెత్తుతుంది. దానికి కళ్ళు లేవు, ముక్కు లేదు, లోపలికి పోవడానికి దారి మాత్రం ఆకు రంధ్రమే కావాలి, ఎలా వెతుక్కుంటుంది? తడుముకుంటూ. 1987లో చిక్కుడు జాతి తుప్పు మీద ఒక అందమైన ప్రయోగం చేశారు, ఆకే లేకుండా ప్లాస్టిక్ పలక మీద సన్నని గట్లు చెక్కి స్పోర్లు చల్లితే, గట్టు ఎత్తు అర మైక్రాన్ దగ్గర ఉన్నచోట అది "రంధ్రం దొరికింది" అనుకుని లోపలికి చొరబడే అవయవం కట్టేసింది! ఎందుకంటే చిక్కుడు ఆకు రంధ్రం అంచు పెదవి ఎత్తు దాదాపు అంతే. మన వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు అది. నాకు ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది, డ్రాగన్ వీడియో చూస్తే జలదరించదు, అది నా జబ్బు అనుకో.

లోపలికి వెళ్ళాక కణం గోడకి చిన్న కన్నం పెట్టి ఒక వేలు దూరుస్తుంది, కణం పొరని మాత్రం చింపదు, బెలూన్‌లోకి వేలు నొక్కితే రబ్బరు వేలి చుట్టూ ఎలా సర్దుకుంటుందో అలా. ఆ వేలితోనే చక్కెరలు లాక్కుంటుంది, అక్కణ్ణుంచే మొక్క రక్షణని నిద్రపుచ్చే ప్రోటీన్లు వదులుతుంది. కణం బతికే ఉంటుంది, బతికి ఉండాలి కూడా. తుప్పుకి చచ్చిన మొక్క పనికిరాదు. ల్యాబులో వాటిని గాజు ప్లేటులో పెంచడం మహా కష్టం, మేమంతా కుండీల్లో మొక్కల మీదే తరం తర్వాత తరం నిలబెట్టుకునేవాళ్ళం, ఒక ఆదివారం నీళ్ళు పోయడం మర్చిపోతే మొక్కతో పాటు తెగులూ పోయేది.

అందుకే నిరోధక రకం మొక్క ఏం చేస్తుందో తెలుసా, శత్రువుని గుర్తుపట్టగానే ఆ ఒక్క కణాన్నీ చుట్టుపక్కల కొన్నిటినీ తనే చంపుకుంటుంది. చావు దగ్గర తుప్పుకి తిండి దొరకదు, మాడి ఊరుకుంటుంది. బల్లి ముందు జింక చస్తే బల్లికి భోజనం, ఇక్కడ కణం చస్తే తుప్పుకి పస్తు. కాబట్టి బాబూ, నీ వాదంలో "వేటగాడు" అన్న మాటే నిలవదు. అది వేటాడదు, వచ్చి కాపురం పెడుతుంది. మరి మీ చేను ఎందుకు ఎండింది అంటే, ఒక్కో ఆకు మీద వందల పొక్కులు, ఒక్కోటీ ఆకు తొక్క చీల్చుకుని బయటికొచ్చింది, తిండి అంతా అటు పోయింది, చీలికల్లోంచి నీరు పోయింది, కాయకి ఏమీ మిగల్లేదు.


ఉడుంపట్టు:

సార్ మంచిగ చెప్పిన్రు. నేను వరంగల్ దిక్కు డిగ్రీ కాలేజీల జువాలజీ చెప్తున్న, కనుక ఆ రూమ్మేటు తరఫున నాలుగు ముక్కలు.

తమ్మీ, మీ దోస్తు కచ్చితంగ నీకు "దాని నోట్ల కుళ్ళు బ్యాక్టీరియా ఉంటది, కరిచి ఇడిస్తే వారానికి బర్రె చస్తది" అని చెప్పి ఉంటడు. పాత పుస్తకాలల్ల అట్లనే ఉండె. గని 2009ల బ్రయాన్ ఫ్రై అనే శాస్త్రవేత్త టీమ్ కింది దవడల విషగ్రంథులు ఉన్నయని చూపెట్టిన్రు, ఆ విషం రక్తం గడ్డకట్టకుండ చేస్తది, బీపీ పడగొడ్తది. తర్వాత నోట్ల బ్యాక్టీరియా కూడ పరీక్ష చేస్తే వేరే మాంసాహార జంతువుల నోట్ల ఉన్నసొంటివే తప్ప స్పెషల్ ఏం కనవడలే. అసలు బర్రెలు కొమొడోలుండే ఇండోనేషియా దీవుల జంతువులే కావు, మనుషులు తెచ్చినవి, అవి కాటు పడంగనే ఉరికి పోయి మురికి నీళ్ళల్ల నిలవడ్తయ్, పుండు అక్కడ చెడుతదని ఫ్రై వాళ్ళ మాట. విషం ఎంత, పళ్ళ కోత ఎంత అన్నదాని మీద ఇంకా కొట్లాడుకుంటనే ఉన్నరు. నా లెక్కల అయితే పళ్ళకే ఎక్కువ మార్కులు. దాని దవడ బలం సైజుకు తగినంత కూడ లేదు, కరిచి వెనకకు గుంజుతది, రంపం తీరు కోసుకుంట పోతది.

ఆ పళ్ళ ముచ్చటే అసలుది. 2024ల ఒక పరిశోధన వచ్చింది, కొమొడో పళ్ళ మొనల మీద, రంపం అంచుల మీద నారింజ రంగు పూత ఉన్నది, అదేందంటే ఇనుము! పింగాణి పొర పల్చగ ఉంటది కద, దానికి గట్టితనం కోసం. వేరే ఉడుములల్ల కూడ కొంత ఉంటదట గని కొమొడోకు కండ్లకు కొట్టొచ్చినట్టు కనవడ్తది.

ఇంకోటి, బలం అంటె మన ఊరి ఉడుమును చూడున్రి, అది కొమొడోకు చిన్న తమ్ముడు, రెండూ వరానస్ జాతే. "ఉడుంపట్టు" అని ఊరికెనే అనలే పెద్దలు.


బుడ్డలబాబు:

ఉడుంపట్టు సార్, ఆగండాగండి. బల్లి పళ్ళకు ఇనుము ఉంటే, మరి మా తుప్పు తెగుల్లో ఇనుము ఉందా? ఆ రంగు ఏందది?


పాత_మైక్రోస్కోప్:

లేదు బాబూ, ఆ రంగుకి ఇనుముతో సంబంధమే లేదు, అవి కెరోటినాయిడ్లు, క్యారెట్‌కి రంగిచ్చే కుటుంబమే. ఇనప మేకు మీది తుప్పులా కనిపిస్తుందని ఆ పేరు పెట్టారు. మన రైతులు కుంకుమ తెగులు అంటారు, అది ఇంకా బాగుంది. తమాషా చూడు, తుప్పు అని పేరున్నదాని రంగులో ఇనుము లేదు, ఇనుముతో నారింజ రంగు తెచ్చుకున్నది ఆ బల్లి పళ్ళు. ఇన్నేళ్ళు సర్వీసు చేసినా ఈ సంగతి నాకు ఇవాళే తెలిసింది, ఉడుంపట్టు గారికి థాంక్స్.


ఊరికే_చదువుతా:

అయితే డ్రాగనే అసలైన తుప్పు. తమ్ముడూ బిర్యానీ రెడీ చేస్కో 😂


కాఫీకొండ:

మాది అరకు దగ్గర, సిల్వర్ ఓక్ నీడలో రెండెకరాల కాఫీ ఉంది, మిరియం తీగలు కూడా ఎక్కించాం. మీరు వేరుశనగ గురించి మాట్లాడుతున్నారు గానీ కాఫీ ఆకు తుప్పు కథ చెప్పకుండా ఈ పంచాయితీ తెగదు.

1869లో సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో, కాఫీ ఆకుల కింద పసుపు నారింజ పొడి మచ్చలు కనబడ్డాయి. అప్పటికి ఆ దీవి కాఫీ ఎగుమతిలో పెద్ద పేరున్నది, కొండలకి కొండలు ఒకటే పంట, మధ్యలో అడ్డం ఏమీ లేదు. మార్షల్ వార్డ్ అనే కుర్ర శాస్త్రవేత్తని పంపారు, ఆయన 1880 నుంచి 82 దాకా ఉండి తెగులు ఎలా బతుకుతుందో అంతా విప్పి చెప్పాడు గానీ అప్పటికే ఆలస్యం అయిపోయింది. రెండు మూడు దశాబ్దాల్లో కాఫీ ఊడ్చుకుపోయింది, తోటలోళ్ళు కాఫీ పీకేసి టీ వేసుకున్నారు. ఇవాళ మనం సిలోన్ టీ అంటామే, ఆ పేరు వెనకాల ఉన్నది ఈ పొడే. ఆ శిలీంధ్రం శాస్త్రీయ నామం హెమీలియా వాస్టాట్రిక్స్, వాస్టాట్రిక్స్ అంటే నాశనం చేసేది అని తోటలకొచ్చి సలహాలిచ్చే మా లైజన్ వర్కరు చెప్పాడు, పేరు పెట్టినోడికే భయం వేసినట్టుంది. కొమొడో డ్రాగన్ ఎన్ని జింకల్ని తిన్నా ఒక దేశం ఏం తాగాలో మార్చలేదు కదా.

మాకు ఇప్పటికీ వానాకాలం ముందు ఒకసారి, వెనక ఒకసారి బోర్డో మిశ్రమం కొట్టాలి, మైలుతుత్తం సున్నం కలిపి. నీడ మరీ దట్టమైతే తడి ఆరదు, మరీ పల్చనైతే ఎండకి చెట్టు నీరసపడి తెగులుకి లొంగుతుంది, కొమ్మలు కొట్టడమే ఒక విద్య. మా నాన్న వేసిన సెలక్షన్ 795 అనే కాఫీ రకం మొక్కలు మొదట్లో బాగా తట్టుకునేవట, ఇప్పుడు అవీ పడుతున్నాయి. మొక్క మారేలోపు తెగులు మారిపోతోంది.


బుడ్డలబాబు:

కాఫీకొండ అన్నా నువ్వు దేవుడివి. ఒక దీవి మొత్తం టీకి మారిపోయింది! ఈ పాయింటు వాడికి చూపించినా, "కొమొడోకి ఛాన్స్ ఇస్తే అదీ చేస్తుంది" అంటాడు 🤦


జకార్తా_తెలుగోడు:

ఛాన్స్ ఎక్కడిది పాపం. నేను ఇక్కడ ఇండోనేషియాలో ఎనిమిదేళ్ళుగా ఉద్యోగం, పోయినేడు పిల్లలతో కొమొడో నేషనల్ పార్క్‌కి వెళ్ళాం. ఫ్లోరెస్ దీవిలో లబువాన్ బాజో అనే ఊరి నుంచి పడవ, రేంజర్ లేకుండా అడుగు పెట్టనివ్వరు, ఆయన చేతిలో తుపాకీ ఉంటుంది అనుకున్నాను, చూస్తే కొస చీలిన ఒక పంగల కర్ర, అంతే! మీదికొస్తే మెడ దగ్గర ఆ పంగతో ఆపి నెట్టేస్తారట. అక్కడివాళ్ళు దాన్ని ఓరా అంటారు.

మేం చూసినప్పుడు మూడు వంటింటి గుడిసె కింద నీడకి పడుకుని ఉన్నాయి, గంటసేపు కదల్లేదు, మా చిన్నోడు బొమ్మలా నాన్నా అన్నాడు. ఏడాదికి ఓ పన్నెండు భోజనాలు చాలట దానికి, దొరికితే తన బరువులో 80 శాతం దాకా ఒకేసారి మింగగలదు. ఇంకో ఘోరం ఏంటంటే పిల్ల ఓరాలు గుడ్డులోంచి బయటికి రాగానే చెట్టెక్కేస్తాయి, ఎందుకంటే పెద్దవి వాటినే తినేస్తాయి, బరువు పెరిగి చెట్టు ఎక్కలేనంత అయ్యాకే కిందికి వచ్చి కాపురం.

అసలు విషయం. ప్రపంచం మొత్తం మీద అడవిలో అవి పిల్లా పెద్దా కలిపి మూడున్నర వేల దగ్గర్లోనే, కొమొడో, రింకా, ఫ్లోరెస్‌లో కొంత, ఇంకో ఒకటి రెండు బుల్లి దీవులు, అంతే. 2021లో అంతరించే ప్రమాదం ఉన్నవాటిలోకి చేర్చారు, సముద్ర మట్టం పెరిగితే వాటికి నిలవడానికి చోటు తగ్గిపోతుందని. మీ తుప్పు వాళ్ళు చెప్పండి, ఒక్క ఆకు మీద స్పోర్లు ఎన్ని ఉంటాయి? మూడున్నర వేలా?


పాత_మైక్రోస్కోప్:

మూడున్నర వేలు ఒక్క పొక్కులోంచి వచ్చేస్తాయండీ, ఆకు దాకా ఎందుకు.

పైగా అవి ఆగవు. గోధుమ కాండం తుప్పునే తీసుకోండి, మన మైదానాల్లో ఎండాకాలం వేడికి అది బతకదు, పంటా ఉండదు. మరి ప్రతి ఏడూ మళ్ళీ ఎక్కణ్ణుంచి వస్తోంది? ఆగ్రాలో కె.సి. మెహతా గారనే తెగుళ్ళ శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి దేశమంతా స్లైడ్లు పెట్టి గాలిలో స్పోర్లు పట్టి లెక్కేశారు. నీలగిరి, పళని కొండల్లో చల్లదనానికి వేసవిలో కూడా గోధుమ మీద బతికి ఉండి, శీతాకాలం పంటకి గాలుల మీద ఉత్తరానికి ఎగిరి వస్తుందని తేల్చారు. అమెరికా, యూరప్‌లలో దానికి బార్బెర్రీ అనే పొద రెండో ఇల్లు, అమెరికా వాళ్ళు 1918 నుంచి ఆ పొదల్ని ఊరూరా పీకించారు. మన దగ్గర ఆ పొద పాత్ర లేదు, కొండా గాలీ చాలు. ఈ పంగల కర్రతో ఆపే వ్యవహారం కాదిది.

1998లో ఉగాండాలో కొత్త రకం కాండం తుప్పు దొరికితే, దాన్ని యూజీ99 అంటారు, అప్పటిదాకా ప్రపంచమంతా నమ్ముకున్న ఎస్ఆర్31 అనే నిరోధక జన్యువు దాని ముందు నిలవలేదు. హరిత విప్లవం నార్మన్ బోర్లాగ్ గారు తొంభై ఏళ్ళ వయసులో లేచి ఊరూరా హెచ్చరిస్తూ తిరిగారు. ఆ తెగులు 2006కి యెమెన్, 2007కి ఇరాన్ చేరిపోయింది.


ఉడుంపట్టు:

సార్, సంఖ్యల దగ్గర మేం ఓడినం, ఒప్పుకుంటున్న. గని ఒక్క పోలిక మాత్రం నేను ఇడువ. మీ స్పోర్లు మగా ఆడా లేకుండనే కాపీలు కొట్టుకుంట పోతయ్ కద, అది మీ తుప్పు గొప్ప. 2006ల ఇంగ్లండ్‌ల చెస్టర్ జూల ఒక ఆడ కొమొడో మగదాని మొకం చూడకుండనే గుడ్లు పెట్టింది, పిల్లలు అయినయ్! లండన్ జూల కూడ ఇంకోటి గట్లనే. డీఎన్ఏ చూస్తె తండ్రి లేడు. అన్నీ మగపిల్లలే, ఎందుకంటె ఉడుములల్ల ఆడదానికి రెండు వేరు వేరు క్రోమోజోములు, జెడ్ డబ్ల్యూ. ఈ పద్ధతిల రెండు జెడ్‌లు కలిస్తెనే పిల్ల బతుకుతది, రెండు జెడ్‌లంటె మగ. అంటె ఒక్క ఆడది ఖాళీ దీవికి కొట్టుకపోయినా కొడుకులను కని, కథ ముందుకు నడిపియ్యగలదు, కొంచెం ఎబ్బెట్టు కథ అనుకో.

ఇంకో చిన్న ముచ్చట, పందానికి సంబంధం లేదు. మొక్కకూ ఉడుముకూ మోసంల చుట్టరికం ఉన్నది. బజార్ల, ఆన్‌లైన్ల "హత్తా జోడి" అని లక్ష్మీ కటాక్షం వచ్చే వేరు అని అమ్ముతరు, రెండు చేతులు జోడించినట్టు ఉంటది. అది వేరు కాదు, ఉడుము మగ అంగం ఎండబెట్టింది. 2017ల బయటవడ్డది. వన్యప్రాణి చట్టంల ఉడుము షెడ్యూల్ వన్ జంతువు, పులికి ఉన్నంత రక్షణ దానికీ ఉన్నది, ఇంట్ల దొరికితె జైలే. కంజీర వాద్యానికి దాని తోలే వాడేటోళ్ళు వెనకట.


కాఫీకొండ:

హత్తా జోడి మా సంతలో చూశాను సార్, 500 చెప్పాడు, వేరే అనుకున్నా. ఛీ.

పాత మైక్రోస్కోప్ గారూ, తుప్పు వల్ల ఎవరికైనా మేలు ఉందా అసలు? ఊరికే అడుగుతున్నా.


పాత_మైక్రోస్కోప్:

ఉందండీ. వయ్యారిభామ కలుపు మీదకి ఆస్ట్రేలియా వాళ్ళు కావాలనే తుప్పు శిలీంధ్రాన్ని తెచ్చి వదిలారు. చాలా తుప్పులకి కొద్ది రకాల మొక్కలే తిండి, పక్క పంట జోలికి పోవు, అదే వాటి సుగుణం. కొమొడో అలా కాదు కదా, జింకా, పందీ, బర్రే, శవమూ, సొంత పిల్లా, ఏది దొరికితే అది.


బుడ్డలబాబు:

అందరికీ థాంక్స్ అండీ, ఇంత వస్తుందనుకోలే. మొత్తం వాడికి చదివి వినిపించినా. వాడు ఇంకా ఒప్పుకోలే, పళ్ళ ఇనుము పాయింటు ఒకటి పట్టుకుని కూచున్నాడు, నేను సిలోన్ పాయింటు పట్టుకుని కూచున్నా, ఆఖరికి ఎవరి బిర్యానీ వాళ్ళే తిందామనుకున్నాం, అదీ చికెన్.

రాత్రి ఫోన్లో మా నాయనకు ఇదంతా చెప్పినా. కాసేపు విని, "ఆ బల్లి చేన్లోకి వస్తే కట్టె తీసుకుంటా. తుప్పు వస్తే అప్పు తీసుకోవాల" అన్నాడు. తర్వాత గమ్మున, ఈసారి కూడా మూడు రోజులుగా ముసురు పట్టింది, చేను డెబ్భై రోజులది, కింది ఆకులు ఒకసారి తిప్పి చూడమంటావా అని అడిగినాడు.


పాత_మైక్రోస్కోప్:

చూడమను, రేపు పొద్దున్నే. చేను మధ్యలోకి వెళ్ళి నాలుగైదు చోట్ల కింది ఆకులు తిప్పమను, గట్టు పక్కన చూస్తే తెలియదు. నారింజ చుక్కలు కనబడితే వేలితో రుద్దమను, పొడి అంటితే తుప్పు, అంటకపోతే తిక్కమచ్చ అనే ఇంకో ఆకుమచ్చ తెగులు అయ్యుండొచ్చు. ఫోటో తీసి ఇక్కడే పెట్టు, ఆకు అడుగు వైపు, వెలుతురులో.